చాలని చాప

"సెమో వచ్చాడు! చాప కప్పుకుని వచ్చాడు!"

కిరాణా కొట్టు లూపె గొంతు చర్చి గంట కన్నా గట్టిగా మోగింది.

ఊరు ఊరంతా పెద్దాయన లెయోత ఇంటి ముందుకు పరుగు తీసింది. పళ్ళు తోముకుంటున్నవాళ్ళు నురగతోనే పరిగెత్తారు.

గడ్డి మీద మోకాళ్ళ మీద, తల వంచుకుని ఒక మనిషి. పైన పట్టులాంటి సన్నచాప. వాళ్ళమ్మ బతికుండగా ఏళ్ళ తరబడి అల్లింది.

సవాయీ దీవిలో తప్పు చేసినవాళ్ళు ఇలాగే వస్తారు. నష్టపోయినవాడు దిగొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఊరు విడిచిపోవాలి.

మామూలుగా చాప కింద కుటుంబమంతా కూర్చుంటుంది. సెమో కుటుంబమంతా కలిపి సెమో ఒక్కడే.

నిన్న సాయంత్రం సెమో, లెయోత కొడుకు పెనీని భుజాన వేసుకొచ్చాడు. పెనీ తల పగిలింది. స్పృహ లేదు. సెమో చొక్కా నిండా రక్తం.

ఇంకేం అడగాలి? పెనీని ఆసుపత్రికి మోశారు, సెమోని పొలిమేర దాకా తరిమారు.

"పుట్టుకతోనే చెడ్డవాడు," అంది లూపె. "పంది పోతే వాడే, పడవ తాడు తెగితే వాడే."

"ఆ పంది తర్వాత దొరికిందిగా?" అన్నాడు పాస్టరు.

"దొరికేలోపు తన్నాల్సినవి తన్నేశాంగా అయ్యగారూ! వెనక్కి తీసుకుంటామా?"

అందరూ గొల్లున నవ్వారు.

సినా మామ్మ నవ్వలేదు. "వీడు పుట్టినప్పుడు స్నానం పోసింది నేనే. మీ అందరిలాగే కెవ్వుమన్నాడు. మీరే బాదీ బాదీ ఆ ఏడుపు కూడా మాన్పించారు."

"వాడు చాప కింద నీరు మామ్మా!" అంది లూపె.

"నీరు కాదే, చెమట. ఎండ చూడు."

గోడల్లేని ఇల్లు. లోపల లెయోత కూర్చోవడం అందరికీ కనిపిస్తూనే ఉంది. చేతిలో కోకో చల్లారింది గానీ లెయోత చల్లారలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది.

"పొమ్మనండి," అన్నాడు లెయోత.

సెమో లేచాడు. చాప మడిచి, గడ్డి మీదే పెట్టాడు. రేవుకెళ్ళే బస్సు వచ్చి ఆగింది.

"ఎందుకు కొట్టావురా?" అంది మామ్మ, చెయ్యి పట్టుకుని.

"ఈ ఊళ్ళో నేను చెయ్యని తప్పేదైనా ఉందా మామ్మా?"

"విన్నారా! ఒప్పుకున్నాడు!" లూపె గెంతింది.

సెమో ఎక్కగానే బస్సు కదిలింది. ఊరు చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగి, జనం ఇళ్ళకి మళ్ళిన గంటకి ఆసుపత్రి నుంచి జీపు వచ్చింది, అందరూ మళ్ళీ మూగారు. తలకట్టుతో పెనీ దూకాడు.

"సెమో ఏడీ? సీమపనస చెట్టు మీంచి లోయలోకి జారిపడ్డా! వాడే దిగి మోసుకురాకపోతే అక్కడే పోయేవాణ్ణి!"

జనం గడ్డి మీది చాప వైపు చూశారు.

"మరి... చెయ్యనివాడు చాపెందుకు కప్పుకున్నాడు?" అంది లూపె, మెల్లగా.

"చెయ్యలేదంటే ఒక్కసారైనా నమ్మారటే?" అంది మామ్మ. "మన మధ్యే ఉండాలనుకున్నాడు. దానికి మనం మిగిల్చిన దారి అదొక్కటే."

రేవు వైపు నుంచి ఓడ కూత వినపడింది.

లెయోత మెట్లు దిగాడు. చాప విప్పి, తల మీద కప్పుకుని, గడ్డి మీద మోకరిల్లాడు. పక్కన పాస్టరు, లూపె, ఒక్కొక్కరుగా ఊరంతా. చాప చాలలేదు.

దాన్ని ఎత్తగలిగిన ఒక్కడూ ఓడెక్కి వెళ్ళిపోయాడు.