సగం తప్పు

"సగం తప్పు మీదని ఒప్పుకుంటే సగం పరిహారం బీమా కంపెనీవాళ్లు ఈ వారమే ఇస్తారటమ్మా," అంది లాయరమ్మ.

"ఒప్పుకోను," అంది దర్జీ.

చేతికర్ర గోడకు ఆనించి, వంగని కుడికాలిని ఎదుటి కుర్చీ మీద చాపుకుని కూర్చుందామె. మిషను తొక్కి వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన కాలు అది. ఇప్పుడు మిషను దుప్పటి కప్పుకుని మూలన పడి ఉంది.

కారు నేరుగా వెళ్లి కరెంటు స్తంభాన్ని గుద్దింది. ముందు సీట్లో కూర్చున్న ఆమె మోకాలు నుజ్జయింది. నడిపిన పెద్దమనిషికి గీత కూడా పడలేదు. పైగా, పక్కనున్నావిడ వాగుడు ఆపకపోవడం వల్లే ధ్యాస చెదిరిందని బీమా కంపెనీవాళ్లకు సెలవిచ్చాడు. వాళ్లకు అంతకన్నా ఏం కావాలి? ఆ ఒక్క ముక్కా పట్టుకుని వేలాడుతున్నారు.

"కోర్టులోనూ అతను అదే మాట మీద నిలబడితే, ఇప్పుడిస్తామన్నది కూడా దక్కకపోవచ్చు. ఆలోచించుకోండి," అంది లాయరమ్మ.

"ఫోను చూస్తూ నడిపాడు. ఎదురుగా స్తంభం ఉంది మొర్రో అన్నాను. నేను వాగిన వాగుడు అదే!"

గుమ్మం పక్క బెంచీ మీద ఆమె సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఇచ్చింది పుచ్చుకుందామే. బోనెక్కించి నలుగురిలో పరువు తీయడం దేనికి?"

ఆమె అటు తిరగను కూడా లేదు.

"లాయరమ్మా, డబ్బు నాకు కావాలి. కాదనను. మోకాలికి మళ్లీ ఆపరేషనంటున్నారు. మిషనుకు మోటారు పెట్టించుకోవాలి. కానీ తప్పు తనదేనని ఆ పెద్దమనిషి నోటితో చెప్పించండి. అది లేకుండా ఎంతిచ్చినా నాకొద్దు."

భర్త సంచీ భుజాన తగిలించుకుని లేచాడు.

ఇంటికి బస్సులోనే వెళ్లారు. దెబ్బ తగిలాక ఆమె మళ్లీ కారన్నది ఎక్కలేదు.

"ఇంత పంతం పనికిరాదే," అన్నాడు భర్త దారిలో.

"కాలు పోయాక నాకు మిగిలింది అదొక్కటే. దాన్నీ పోగొట్టుకోమంటారా?"

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. "నీకేమైనా మతి పోయిందా వదినా? కోర్టుకెక్కుతావా? అందరూ నవ్విపోతున్నారు!"

"నవ్వనీ. నవ్వేవాళ్లెవరూ వచ్చి నా మిషను తొక్కి పెట్టరు," అని ఫోను పెట్టేసింది.

వాయిదా రోజు భర్త ఆమె కంటే ముందే లేచి, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కాఫీ ముట్టుకోలేదు. ఆమె మాత్రం తన కప్పూ తాగింది, అతను వదిలేసిందీ తాగింది.

కోర్టులో ముందు వరుసలో కాలు బారచాపి కూర్చుంది. బోనులోకి వెళ్లేవాళ్లెవరైనా ఆ కాలిని దాటుకునే వెళ్లాలి.

కారు నడిపిన మనిషిని పిలిచారు. చూసి చూసి అడుగేస్తూ దాటాడు.

"పక్కన కూర్చున్న ఈవిడ మాటల వల్లే మీ ధ్యాస చెదిరింది. అంతేనా?" అన్నాడు కంపెనీ లాయరు.

అతను ఆమె వైపు చూశాడు. ఆమె రెప్ప వేయలేదు.

"కాదండీ. నేను ఫోను చూసుకుంటున్నాను. స్తంభం ఉందని ఆవిడ అరుస్తూనే ఉంది. తప్పు నాది. మొత్తం నాదే."

దర్జీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. చూడనీ అనుకుంది.

కంపెనీ లాయరు చేతిలోని కాగితాలు గబగబా తిరగేశాడు. "మరి మాకు వేరేలా ఎందుకు చెప్పారు? తప్పు ఆవిడ మీదికి ఎందుకు నెట్టారు?"

అతను ఇస్త్రీ చొక్కా అంచు నలుపుతూ తల దించుకున్నాడు.

"అలవాటు కొద్దీ అండీ... పెళ్లయిన దగ్గర్నుంచీ ఏం జరిగినా ఈవిడ మీదికే నెట్టేస్తున్నాను."