పంపుకు జాగ

"జర కాళ్లు జరుపు యశూ," అన్నాడు సాయిచంద్.

గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో భర్త సొంతంగా తయారుచేస్తున్న బుల్లి విమానం అది. పక్కసీట్లో ఇరుక్కుని, పెట్రోల్ పంపును అతను చెప్పిన చోటల్లా పట్టుకుంటోంది యశస్విని.

"ఇంజన్ దగ్గర్నే పెట్టరాదా?"

"ఆ వేడికి పెట్రోల్ ఆవిరైతది. గాల్లో ఇంజన్ ఆగితే ఇగ అంతే సంగతి. ట్యాంకు కిందనే ఉండాలె."

ట్యాంకు కింద ఉన్నవి ఆమె పాదాలే.

"మరి నా కాళ్లేడ పెట్టుకోవాలె?"

అతను కొలత టేపు మీంచి తల ఎత్తలేదు. "ఎగిరేటప్పుడు నువ్వుండవు గదా!"

మొదట్నుంచీ 'మన విమానం' అనే అన్నాడు. ఆ సీటుకు మెత్త కుట్టింది ఆమే.

యశస్విని మోకాళ్లు గడ్డానికి ఆనేలా కాళ్లు పైకి లాక్కుంది. ఖాళీ అయిన చోట పంపు చక్కగా అమిరింది.

"ఆ, గదే జాగ! కదలకు," అన్నాడు సాయిచంద్ సంబరంగా.