ఒంటిపూట

“అక్కా, పెద్దాయన్ని లోపల పెట్టేసినావా?”

ఫోను తీయగానే గిరిబాబు అడిగిన మొదటి మాట అదే.

“పెట్టినాలే. గడియ కూడా వేసినా,” అంది ఆదిశేషమ్మ.

గిరిబాబు ఒంటిపూట టూరుకు గైడు. పొద్దున ఆరింటికి నెల్లూరులో వ్యాను బయలుదేరుతుంది. పెన్న ఒడ్డున రంగనాథుడి గుడి, చెరువు కట్ట మీద దర్గా, పాత చర్చి, మైపాడు సముద్రం. అన్నీ చూపించి పదకొండింటికి తోటపల్లి గూడూరు దగ్గరున్న ఈ పల్లెకు తెస్తాడు. ఇక్కడ చూడాల్సింది ‘రైతు ఇల్లు’. ఆ ఇల్లు ఆదిశేషమ్మది. వచ్చినవాళ్ళకు ఆకు వేసి అన్నం పెట్టాలి. ఆడవాళ్ళకు బొట్టు పెట్టి సాగనంపాలి. ఒంటిగంటకు వ్యాను వెళ్ళిపోతుంది.

“పోయిన నెల మాదిరి కాకూడదక్కా. ఈసారి ఎవరి కంటనన్నా పడినాడంటే కంపెనీవాళ్ళు చిట్టమూరు పక్క ఇంకో ఇల్లు చూసుకుంటారు. నా చేతుల్లో ఏం లేదు.”

పోయిన నెల గడియ వేయడం మరిచిపోయింది. ఎవరో పిల్ల మంచినీళ్ళకని లోపలిగదిలోకి పోయి ఆయన్ని చూసి వచ్చింది. అంతే. ముగ్గురు ఆడవాళ్ళు బొట్టు పెట్టించుకోకుండానే వ్యానెక్కేశారు. అప్పటికే పెట్టించుకున్న ఒకామె రుమాలుతో తుడిచేసుకుంది. అభిప్రాయాల పుస్తకంలో ఎవరో రాసిపోయిన మాట ఆదిశేషమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ‘ఇంటాయన సంగతి దాచిపెట్టి మమ్మల్ని మోసం చేశారు.’ అరవై దాటాక నేర్చుకున్న చదువు. ఇది చదవడానికా అంత తంటాలు పడింది అనిపించింది.

ఈ ఇల్లు వద్దన్నారంటే మళ్ళీ రొయ్యల షెడ్డే గతి. పొద్దంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచాలి. నాలుగేళ్ళు ఆ పనే చేసింది. వేళ్ళు ఒరుసుకుపోయి అన్నం కలుపుకున్నా మండేవి. పొలం ఉంటే ఆ ఖర్మ ఎందుకు? చుట్టూ రొయ్యల గుంటలు తవ్వారు. ఉప్పు ఊరి ఊరి రెండెకరాలూ చవుడు తేలాయి. ఇప్పుడు ఇంటి ముందు ఒక్క కయ్య మాత్రం పచ్చగా ఉంటుంది. ఫొటోల కోసం కంపెనీవాళ్ళు ట్యాంకరు నీళ్ళు పోసి దాన్ని పెంచుతున్నారు.

ఫోను పెట్టేసి తయారైంది. కంపెనీ ఇచ్చిన ఎర్రంచు చీర, తలలో కనకాంబరాలు, రూపాయి బిళ్ళంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఆయన చెప్పులు గడప పక్కన పెట్టింది. చొక్కా ముందుగదిలో ఖాళీగా ఉన్న మేకుకు తగిలించింది. సగం తాగినట్టు కాఫీ గ్లాసు అరుగు మీద ఉంచింది. చూసినవాళ్ళకు ఆయన ఇప్పుడే లేచి బయటికి వెళ్ళినట్టుండాలి.

వ్యాను వచ్చింది. పన్నెండుమంది దిగారు. గిరిబాబు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మీరు తినబోయే మొలగొలుకుల బియ్యం ఈ కయ్యలో పండినవే అన్నాడు. ఆ బస్తా బుచ్చిరెడ్డిపాలెం మిల్లు నుంచి అతనే తెచ్చాడు. ఇంటి యజమాని పద్మనాభయ్య గారు కాఫీ గ్లాసు సగంలో పెట్టి నీళ్ళు కట్టడానికి పోయారనీ, ఇంటిపట్టున ఉండే మనిషి కారనీ చెప్పాడు. అందరూ ఆ గ్లాసును ఫొటో తీసుకున్నారు.

భోజనాలయ్యాయి. చేపల పులుసు మళ్ళీ మళ్ళీ అడిగి పోయించుకున్నారు. విజయవాడ నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు బిందు చేయి కడుక్కుని ఇల్లంతా తిరిగి చూస్తూ లోపలిగది గడియ మీద చేయి వేసింది.

ఆదిశేషమ్మ గరిటె వదిలేసి పరుగున వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“ఆ గది వద్దమ్మా.”

“ఏం పెద్దమ్మా, పెద్దాయన పొలం వెళ్ళలేదా? లోపల దాక్కున్నాడా?”

అందరూ నవ్వారు. గిరిబాబు నవ్వలేదు.

“ఆయన నువ్వు పిలిస్తే పలికే మనిషి కాదులే,” అంది ఆదిశేషమ్మ, తనూ నవ్వడానికి చూస్తూ.

వెనకనుంచి ఎవరో “తాగి పడుకున్నట్టున్నాడు, పాపం” అన్నారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. ఆదిశేషమ్మ విననట్టు పోయి కుంకుమ భరిణె తెచ్చింది.

ఊరి ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదేమని బిందు అడిగింది. కోతలకు పోయారని గిరిబాబు చెప్పాడు. అందరికీ బొట్లు పెట్టడం అయింది. చివరగా బిందు వంగి రెండు పాదాలూ పట్టుకుంది.

“మీలాగే నిండుగా ఉండాలని దీవించండి పెద్దమ్మా.”

అక్షింతలు పట్టుకున్న చేయి గాల్లోనే ఆగిపోయింది. గిరిబాబు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. ఆదిశేషమ్మ గడియ వేసిన తలుపు వంక ఒకసారి చూసింది.

“నా మాదిరి వద్దు తల్లీ. నీ మాదిరే నువ్వు చల్లంగా ఉండు.”

ఆ పిల్లకు కళ్ళు చెమర్చాయి. పుస్తకం అడిగి తీసుకుని ఏదో రాసింది.

అందరూ వ్యానెక్కాక గిరిబాబు వెనక్కి వచ్చి గొంతు తగ్గించి, “గట్టెక్కినామక్కా. రేపు కూడా పదకొండుకే,” అన్నాడు.

వ్యాను లేపిన దుమ్ము అణిగింది. గడప మీద కూర్చుని ఆదిశేషమ్మ పుస్తకం తెరిచింది. వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. ‘నిండు ముత్తయిదువ చేతి బొట్టు దొరికింది. మా అదృష్టం.’

పుస్తకం మూసి, మేకుకున్న చొక్కా తీసి మడిచి, లోపలిగది గడియ తీసి, కొంగుతో బొట్టు తుడుచుకుని, గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టి, బియ్యం డబ్బా మీద బోర్లా పడుకోబెట్టిన పద్మనాభయ్యను రెండు చేతులా ఎత్తుకొచ్చి, అద్దం తుడిచి, దండ సర్ది, ముందుగదిలో మేకుకు మళ్ళీ తగిలించింది.