మీగడ కట్టిన ఆయిల్

“ఇంజన్‌లో నీళ్లు పోశావు కదరా!” లారీ ఆయిల్ మూత తిరగేసి చూపిస్తూ అన్నయ్య ఇంతెత్తున లేచాడు. మూత లోపల తెల్లగా మీగడ కట్టి ఉంది.

తమ్ముడు ఆ లారీకి పేరుకే డ్రైవరు. కొన్ననాటి నుంచి తాళంచెవి అన్నయ్య జేబు దాటలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ కవరైనా ఊడలేదు. తన డ్రైవింగ్ మీద ఆయనకు నమ్మకం లేదన్నదే తమ్ముడి దిగులు.

కబురందుకుని వచ్చిన మెకానిక్ రేడియేటర్‌లోకి తొంగి చూశాడు. “ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ అంచుదాకా ఉంది. అది ఆయిల్లో కలిస్తే ఇక్కడ తగ్గాలి కదా? ఇది ఎవరో పోసిన నీళ్లు కాదు, లోపల పట్టిన చెమ్మ అన్నగారూ. బండి స్టార్ట్ చేసేదెవరు?”

“ఇంకెవరు, నేనే! రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు. వేడెక్కకముందే ఆపేస్తా. లేకపోతే ఇంజన్ అరిగిపోదూ?”

“వేడెక్కితేనే కదండీ లోపలి చెమ్మ ఆవిరైపోయేది! ఆయిల్ మార్చేస్తాను. ఆ తర్వాత లోడేసి చాలా దూరం తోలించండి. అదొక్కటే మందు.”

ఆయిల్ మార్చడం అయ్యాక అన్నయ్య తాళంచెవి తమ్ముడి అరచేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ, వేళ్లు మాత్రం వదల్లేదు.

“ఎటు పోతావురా?”

“రోడ్డెక్కుతా అన్నయ్యా.”

“రోడ్డా! గుంటలుంటాయి కదరా. దుమ్ము పడుతుంది. ఎదురుగా బళ్లొస్తాయి!”

తమ్ముడి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. పాపం, అన్నయ్యకు నమ్మకం లేనిది తన మీద కాదు, రోడ్డు మీద.