అవతలి గట్టు

"గుమ్మంలో ఈ బురదేమిటి?"

"మీ చెరువు బురదే. ఇంకెక్కణ్ణించి వస్తుంది?"

"నేను బూట్లు బయటే విప్పాను. కావాలంటే వెళ్ళి చూడు."

"సరే, నేనే తెచ్చాననుకోండి," అంది ఆవిడ, తడిగుడ్డతో తుడుస్తూ.

పొద్దున్నే వాదన పెట్టుకునే ఓపిక ఆయనకి లేదు. ట్రైపాడ్‌ని తలుపు మూలకి ఆనించాడు. మెడలోంచి కెమెరా తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. బల్ల మీద ఇంకా ఏమీ లేదు.

"ఈ మధ్య టిఫిను రోజూ ఆలస్యమే."

"అవుతోంది. పోయిన వారం డాక్టరు నాకేం చెప్పాడో మీరు మాత్రం ఇంతవరకూ అడగలేదు."

"ఈ పోటీ అయిపోనీ. అన్నీ అడుగుతాను."

పోటీ అంటే కెమెరా క్లబ్బు వార్షిక పోటీ. ఆదివారం ఆఖరు తేదీ. క్లబ్బులో చేరిన దగ్గర్నుంచీ ఆయనకి ఒక్క పతకం రాలేదు. తన తర్వాత చేరిన బ్యాంకు మేనేజరుకి రెండొచ్చాయి. పతకం వచ్చిన ఫొటో తగిలిద్దామని భోజనాల గది గోడకి ఎప్పుడో కొట్టుకున్న మేకు మీద ప్రస్తుతం ఆవిడ చేతిగుడ్డ వేలాడుతోంది.

ఈసారి మాత్రం ఫొటో దొరికింది. ఊరి చివర చెరువు. నీళ్ళ మీద పొగమంచు, వెనక కొండ, కొండ భుజం మీంచి జారే మొదటి వెలుగు. అది అలా నిలిచేది కాసేపే. సరిగ్గా ఆ కాసేపట్లోనే అవతలి గట్టు మీద ఓ మనిషి నడిచొస్తుంది. పసుపు కోటు. అంత పెద్ద చెరువు ముందు ఆ మనిషి చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. కానీ ఉంటుంది.

ప్రకృతి విభాగంలో మనిషి జాడ ఉండకూడదన్నది క్లబ్బు నియమం. కంచె కనబడినా, కరెంటు తీగ కనబడినా ఫొటో బుట్టదాఖలే. పోనీ కంప్యూటర్లో చెరిపేద్దామంటే, అసలు ఫైలు చూపించమంటారు.

ఆయన చోటు మార్చి చూశాడు. లెన్సు మార్చి చూశాడు. ఓ రోజు ఉండబట్టలేక, పక్కకి తప్పుకోమని గట్టిగా చెయ్యి ఊపాడు. అవతలి గట్టు నుంచి ఆ మనిషి కూడా చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం, ఉన్నవాటిలో నయమనిపించిన ప్రింటు పట్టుకుని క్లబ్బు ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. ఏ ఫొటోనైనా భూతద్దం పెట్టి చూడందే మాట్లాడడు కాబట్టి ఆ పెద్దాయన్ని అందరూ భూతద్దం గారనే అంటారు.

"ఆడమనిషి," అన్నాడు భూతద్దం గారు, ప్రింటు మీదకి వంగి. "మంచులో మొహం తెలీడం లేదు. కోటు మాత్రం, నిరుడు మన సభ్యులందరికీ పంచామే, దానిలా ఉంది!"

ఆయనకి ఒళ్ళు మండింది.

"ఒక పని చెయ్యి. దీన్ని జనరల్ విభాగంలో పెట్టెయ్. నిజం చెప్పనా? నీ ఫొటోకి ప్రాణం ఈ పసుపు చుక్కే. ఇది లేకపోతే చూపు ఎక్కడ నిలుస్తుందయ్యా?"

"నాక్కావలసింది చెరువండీ, ఆవిడ కాదు," అని ప్రింటు లాక్కున్నంత పని చేసి వచ్చేశాడు.

భోజనాలకి కూర్చున్నా ఆ కోపం చల్లారలేదు.

"ఇది ఆ బ్యాంకు మేనేజరు పనే. నా ఫొటో చెడగొట్టడానికి వాళ్ళావిడకి కోటు తొడిగి మరీ పంపిస్తున్నాడు!"

"ఆయన పంపిస్తే మాత్రం ఆవిడ ఆ చలిలో నడుస్తుందా నాన్నా?" అంది కూతురు నవ్వాపుకుంటూ. "అయినా ఆ కోటు నీకూ ఇచ్చారుగా?"

"ఇచ్చారు. పసుపు రంగు చూస్తే పిట్టలు లేచిపోతాయి. ఆ మాత్రం తెలీదు వాళ్ళకి. ఆ రోజే ఎక్కడో పడేశా."

ఆవిడ కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

"అసలు ఆ నడక చూడాలి!" ఆయన ఆగలేదు. "నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. సరిగ్గా వెలుగొచ్చే వేళకి నా ఫ్రేము నడిమధ్యన ఉన్న బండ మీద చతికిలబడుతుంది. ఎంతకీ లేవదు. పైగా ఇటు తిరిగే కూర్చుంటుంది."

"మోకాళ్ళ నొప్పేమో."

"నొప్పైతే ఇంటిపట్టున ఉండాలి. లేదా పార్కులో నడవాలి. నా ఎదురుగానే నడవాలా?"

"ఒక్కత్తీ నడవాలంటే భయమేమో. ఇవతలి గట్టున ఎవరో ఒకరున్నారని ధైర్యమేమో."

"నువ్వు మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ళ వైపే మాట్లాడు," అన్నాడాయన. తర్వాత మంచినీళ్ళ గ్లాసు ఠక్కున కింద పెట్టి తన నిర్ణయం ప్రకటించాడు. "రేపు కెమెరా తీసుకెళ్ళను. నేనే అవతలి గట్టుకి పోతాను. మొహం మీదే అడిగేస్తాను."

"ఏమని?"

"చీకటితోనే ఒక్కదానివే ఇలా తిరుగుతుంటే, పట్టించుకోవడానికి నీకింట్లో మొగుడనేవాడు లేడా, అని!"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. మేకుకున్న గుడ్డ తీసి చేతులు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని, చిన్నగా మోకాలు పట్టుకుంటూ ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ ఒక్క ముక్క అడగడానికి అవతలి గట్టు దాకా దేనికండీ, ఇక్కడే అడగండి."