ఒక్క గడియ

వినోద్ మూడోసారి తలుపు తోసినప్పుడు మాబున్ని ఊరుకోలేదు. చేతిలోని చెంబు విసిరి కొట్టింది. వాడి నుదురు చిట్లింది.

మామిడి కోతలకి ఆదోని నుంచి ఆగిరిపల్లి తోటకి వచ్చిన ఏడుగురు ఆడవాళ్లలో మాబున్నిదే పెద్ద వయసు. మోటారు పక్కన రేకుల గదిలో ఉంటున్నారు. గదికి తలుపుంది, గడియ లేదు. చీర మార్చుకోవాలంటే ఇంకొకరు తలుపుకి వీపు ఆనించి నిలబడాలి. తోట మేనేజరు వినోద్‌కి ఆ సంగతి తెలుసు. మాబున్ని చెల్లెలి కూతురు షంషాద్ లోపలికెళ్తే చాలు, ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడు.

తెల్లారి యజమాని లక్ష్మీనరసింహారావు వచ్చేసరికి ఏడుగురూ చెట్టు కింద కూర్చుని ఉన్నారు. కోసిన కాయ కోసినట్టే ఉంది. లారీ ఖాళీగా ఉంది.

"ఏంటమ్మా ఇది? ఎండకి కాయంతా పాడైపోదా?"

"తలుపుకి గడియ పెట్టియ్యండి సార్. అప్పుడే పని."

ఆయన నవ్వాడు. "అంత పరదా కావాలనుకునేవాళ్లు ఊళ్లు దాటి పనికెందుకొచ్చారమ్మా?"

"పరదా అడగలేదు సార్. గడియ అడుగుతాండాం."

షంషాద్ లేచి నిలబడింది. వచ్చిన దగ్గర్నుంచి మగవాళ్ల ముందు నోరు విప్పని పిల్ల. "స్టేషనుకు నడిచి పోతా సార్. ఏం చేసినాడో అంతా రాసిస్తా" అంది.

ఆయన ఎండ వంక చూశాడు, లారీ వంక చూశాడు. మాట మెత్తబడింది.

"స్టేషన్ల దాకా దేనికమ్మా? సాయంత్రానికల్లా గడియ ఉంటుంది. వినోద్ ఇంకెప్పుడూ ఆ తలుపు తొయ్యడు. నాది పూచీ."

ఆడవాళ్లు లేచారు. మధ్యాహ్నం వడ్రంగి పెద్దిరాజు బండి మీద వచ్చాడు. చెట్ల అవతల నుంచి డ్రిల్లింగ్ మిషను చప్పుడు వినిపించినప్పుడల్లా షంషాద్ కాయలు సర్దుతూనే మాబున్ని వంక చూసి నవ్వింది. ఆ రోజు ఏడుగురూ పదిమంది పని చేశారు. లారీ నిండింది, కదిలింది.

పొద్దు వాలుతుండగా చేతులకంటిన జీడి కడుక్కుని గది వైపు నడిచారు.

"ఈ పొద్దు నిమ్మళంగా పండుకుందాం ఖాలా" అంటూ షంషాద్ ముందుకి పరిగెత్తి, గుమ్మం దగ్గర ఆగిపోయింది.

కొత్త గడియ తలుపుకి బయటివైపు బిగించి ఉంది, దానికి వేలాడుతున్న తాళం చెవి వినోద్ చేతిలో ఉంది.