నలభయ్యోనాటి వీడియో

ల్యాప్‌టాప్ పొద్దుటి నుంచీ రొప్పుతూనే ఉంది.

వీడియో మాత్రం పావు వంతు కూడా తయారవలేదు.

“అయిందటే?” పక్కగదిలో మంచం మీంచి అమ్మమ్మ అడిగింది.

“లేదు. దీనికంటే నత్త నయం,” అంది కొరీనా.

కొరీనా తల్లి ఔరికా మోల్దోవాలోని ఈ ఊరు వదిలి, ఇటలీలో ముసలివాళ్ళకి సేవ చేస్తూ ఏళ్ళు గడిపింది. భర్త ఏనాడో పోయాడు. తల్లినీ కూతుర్నీ పోషించాలంటే మరి అదొక్కటే దారి. చివరికి అక్కడే రోడ్డు ప్రమాదంలో పోయింది.

ఊరికి మూసిన శవపేటిక వచ్చింది. తెరవొద్దన్నారు.

కన్నకూతురి ముఖం చూడకుండానే ముసలావిడ మట్టి వేసింది. ఆ దిగులుతోనే మంచం పట్టింది.

“నలభయ్యో రోజుకైనా దాని ముఖం చూపించవే. ఆ తర్వాత నేను పోయినా ఫరవాలేదు,” అని ఒకటే పోరు.

ఆ నలభయ్యో రోజు రేపే. రేపటితో ఆత్మ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది.

అందుకే, అమ్మ ఫోన్లో తీసి పంపిన ముక్కలన్నీ కలిపి, టీవీలో చూపించేలా ఒకే వీడియో చేస్తోంది కొరీనా.

గేటు చప్పుడైంది.

రోడ్డు మీద ఇటలీ నుంచి పార్సిళ్ళు తెచ్చే వ్యాను ఆగి ఉంది. గుమ్మంలో తల నెరిసిన మనిషి. ఒక చేతికి కట్టు, రెండో చేతిలో సంచి.

“ఔరికా సామాన్లు,” అన్నాడు.

ఇటలీ యాస. అందులోనూ ఈ ఊరి పలుకు ఎక్కడో తొంగిచూసింది. కొరీనా పట్టించుకోలేదు.

“చేతికి ఆ కట్టేంటయ్యా? దాంతోనే వ్యాను తోలావా?”

అతను వ్యాను వైపు ఒకసారి చూసి, సంచి అందించాడు.

సంచిలో అమ్మ చెప్పులు, తలగుడ్డ, పగిలిన ఫోను, ఒక పెన్‌డ్రైవ్. లోపల ల్యాప్‌టాప్‌లో అతుకుతున్న ఔరికా వీడియోలు అతని కంటపడ్డాయి.

“ఇందులో ఇంకో వీడియో ఉంది తల్లీ. పంపాలనుకుంది. ఇంతలోనే... చివర్లో కలుపు.”

“ఇప్పుడు కలిపితే మళ్ళీ మొదటికొస్తుంది!” కసిరింది కొరీనా.

కానీ అమ్మ వీడియో. వదిలెయ్యడానికి మనసెలా ఒప్పుతుంది? పెట్టి చూద్దామంటే బొమ్మ కదలకుండా బిగుసుకుపోయింది. చూడకుండానే చివర్లో అతికించి, మళ్ళీ మొదలుపెట్టింది.

ల్యాప్‌టాప్ మళ్ళీ రొప్పడం మొదలుపెట్టింది.

“దానికి ఊపిరాడట్లేదు,” అంటూ అతను లోపలికొచ్చి, ఒంటిచేత్తో దాన్ని పైకెత్తాడు.

“ముట్టుకోకు!” కొరీనా కేక పెట్టింది. “పోయినవాళ్ళ వస్తువులు నలభయ్యో రోజు దాకా కదపకూడదు. ఆ మాత్రం తెలీదా?”

అది అమ్మ ఇటలీ నుంచి పంపిన ల్యాప్‌టాప్. అమ్మ నేసిన మందపాటి ఉన్ని కంబళి మీద, అమ్మ వస్తువులన్నిటితో పాటే ఉంది. దాన్ని అక్కడి నుంచి అంగుళం కదపకుండానే ఇన్నాళ్ళూ పని చేసుకుంటోంది.

“కంబళి మీద పెడితే కింద నుంచి గాలి ఆడదు. గాలి లేకపోతే కాగిపోతుంది, కాగితే నెమ్మదిస్తుంది.” అతను రెండు పళ్ళేలు బోర్లించి, వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టాడు. “దీనికి వేడెక్కువని కొనేటప్పుడే చెప్పాను...”

ఠక్కున ఆగిపోయాడు.

“ఎవడే వాడు?” అమ్మమ్మ గొంతు ఖంగుమంది. “ఇటలీవాడా? నా కూతుర్ని మింగింది చాలక ఇంట్లోకి కూడా వచ్చారా? పంపెయ్ ముందు!”

“విన్నావుగా. వెళ్ళు,” అంది కొరీనా.

అతను వెళ్ళాడు. గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు.

“రేపు భోజనాలకి... నేనూ ఉండొచ్చా?”

“రేపు ఇంటివాళ్ళకే. దారిన పోయేవాళ్ళందరికీ కాదు.”

అతను తలూపి వ్యాను ఎక్కాడు.

వంటింట్లో తీపి గోధుమలు ఉడుకుతున్నాయి. చావింటి గడప తొక్కినవాణ్ణి ఒక్క చెంచా అవి పెట్టకుండా పంపకూడదు. పగవాడినైనా సరే. కొరీనాకి అది గుర్తొచ్చేసరికి వ్యాను మలుపు తిరిగిపోయింది.

లోపలికొచ్చి చూస్తే రొప్పు తగ్గింది. వీడియో చకచకా నడుస్తోంది. పొద్దు వాలకముందే పూర్తయింది.

“డ్రైవరైనా పనిమంతుడే. పాపం, మరీ అంత కసరకుండా ఉండాల్సింది,” అనుకుంది కొరీనా.

“నాకంటే ముందు ఎవరూ చూడ్డానికి వీల్లేదు,” అంది అమ్మమ్మ. సరేనని కొరీనా ల్యాప్‌టాప్ మూసేసింది.

మర్నాడు ప్రార్థన అయింది. బంధువులంతా టీవీ ముందు చేరారు. అమ్మమ్మని దిండ్లకి చేరేసి కూర్చోబెట్టారు.

ఔరికా వచ్చింది.

రెండు చేతులతో పిండి పిసుకుతూ పాడుతోంది. రెండు చేతుల్లో సంచులతో సంత నుంచి వస్తోంది. నిచ్చెనెక్కి అత్తిపళ్ళు కోసి ఒళ్ళో వేసుకుంటోంది.

అమ్మమ్మ చెయ్యి చాచి గాల్లోనే కూతురి బుగ్గ నిమిరింది. గదిలో ఏడవనివాళ్ళు లేరు.

“చేతులు రెండూ పనిలోనే ఉన్నాయి కదే,” అంది అమ్మమ్మ ఉన్నట్టుండి. “మరి ఫోను పట్టుకున్నదెవరు?”

కొరీనాకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగాలని తోచలేదు.

చివరి ముక్క వచ్చింది.

అమ్మ కొత్త గౌనులో ఉంది. జడలో తెల్లపువ్వు. నవ్వుతూ ముందుకొచ్చి ఫోను లాక్కుంది. బొమ్మ ఊగి, అటు తిరిగింది.

నిన్నటి మనిషే. చేతికి కట్టు లేదు. కోటు మీద అలాంటిదే తెల్లపువ్వు. సిగ్గుతో తల దించుకుని నిలబడ్డాడు.

తెర వెనక నుంచి ఔరికా గొంతు వినిపించింది. “అమ్మా, ఈస్టర్‌కి నీ అల్లుణ్ణి తీసుకొస్తున్నాను, ఇటలీవాడని గేటు దగ్గర్నించే పంపెయ్యకేం!”